పన్నెండు నల్ల కవర్లు

బడి తోటమాలిని ఆ సాయంత్రంతో పనిలోంచి తొలగించారు. కారణం కాగితం మీద స్పష్టంగానే ఉంది: నిరుడు పర్యావరణ దినోత్సవంనాడు అతిథులు నాటిన పన్నెండు మొక్కలూ అతని నిర్లక్ష్యం వల్ల ఎండిపోయాయట. మర్నాడే మళ్ళీ ఆ ఉత్సవం. కొత్త మొక్కలు పన్నెండు వరండాలో వరుసగా ఎదురుచూస్తున్నాయి.

నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉండేది. అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చేదాకా వదిలేది కాదు గనుక ఆమెను బడిలో అందరూ కందిరీగ అనేవారు. తోటమాలి నీళ్ళ గొట్టం చుట్టి పెడుతుంటే వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"నువ్వు నీళ్ళు పొయ్యలేదా తాతా?"

"సెలవుల్లో కూడా వచ్చి పోశానమ్మా. నా నెత్తి మాడింది గానీ ఒక్కటీ చిగురెయ్యలేదు."

"మరి ఆ మాట పెద్ద మేడమ్‌కి చెప్పొచ్చుగా?"

"చెప్పాను. ఆ గోడకి చెప్పినా కాస్త జాలిపడేది."

కందిరీగ పక్కనే పుల్లలా ఎండిపోయిన మొక్కను రెండు చేతులా పట్టి లాగింది. ఊగుతున్న పన్ను ఊడినట్టు అది మట్టి ముద్దతో సహా పైకి వచ్చింది. ముద్ద చుట్టూ నల్ల ప్లాస్టిక్ కవరు చెక్కుచెదరకుండా ఉంది. చింపి చూస్తే, లోపల వేళ్ళు దారి దొరక్క చుట్టలు చుట్టుకుని గడ్డిపోచల్లా ఎండిపోయి ఉన్నాయి.

తోటమాలి చతికిలబడ్డాడు. "అయ్యో, కవరు తియ్యకుండా పాతారా! ఆరోజు నన్ను గేటు దగ్గర కార్లకి కాపలా పెట్టారమ్మా. నేనొచ్చేసరికి మట్టి కప్పేశారు."

కందిరీగకు ఆ రోజు గుర్తొచ్చింది. నిరుడు మొక్కల పళ్ళెం పట్టుకుని అతిథుల పక్కన నిలబడింది తనే. "కవర్లు తియ్యకండి, పెద్దవాళ్ళ చేతులకి మట్టవుతుంది" అని ప్రధానోపాధ్యాయురాలు అన్న మాట తన చెవులారా విన్నది. విని, తలూపి, పళ్ళెం అందించింది.

తరగతిలో తన పక్కన కూర్చునే, అందరూ బొద్దు అని పిలిచే పిల్లాణ్ణి వెంటబెట్టుకుని, చీకటి పడేలోగా మిగిలిన పదకొండు పుల్లలనూ పీకింది.

మర్నాడు విద్యాధికారి వచ్చారు. ఫొటోలు తీసే ఆయన వచ్చాడు. ప్రతిజ్ఞ చదవవలసింది కందిరీగే. "మొక్కలను కన్నబిడ్డల్లా కాపాడతాను" అన్నది అందులో మొదటి వాక్యం. ఆమె మైకు ముందు నిలబడి కాగితాన్ని మడిచి పట్టుకుంది.

"చదువు," అన్నది ప్రధానోపాధ్యాయురాలు పళ్ళ బిగువున.

"చదవను మేడమ్. అది అబద్ధం."

ఆ మాటతో నాలుగో తరగతి పిల్లలు పన్నెండుమంది వరుసలోంచి బయటికి వచ్చి, కొత్త మొక్కలకి తవ్విన ఒక్కో గుంత దగ్గర ఒక్కరు నిలబడ్డారు. ప్రతి చేతిలోనూ ఒక నల్ల కవరు వేలాడుతోంది.

"ఏమిటమ్మా అవి?" అన్నారు విద్యాధికారి.

"పోయినేడు మీరు నాటినవే సార్. కవరుతో పాతితే, ఎన్ని నీళ్ళు పోసినా వేరు ఎక్కడికి పోతుంది?"

"ఎవరు నేర్పారే నీకివన్నీ? ఆ తోటమాలేనా?" అని ప్రధానోపాధ్యాయురాలు గద్దించింది.

"కవరు తియ్యొద్దని నేర్పింది మీరే మేడమ్. పళ్ళెం పట్టుకుంది నేను. తప్పు మనిద్దరిదీ. పని పోయింది మాత్రం తాతది."

మైకు ఆ మాటను వీధి చివరిదాకా మోసుకుపోయింది. విద్యాధికారి గడియారం చూసుకున్నారు. "సరే, ఈసారి కవర్లు తీసే నాటుదాం. కానివ్వండి."

"తాత వచ్చేదాకా గుంతలు ఇవ్వం," అన్నాడు బొద్దు. అని, గుంతలోకి కాళ్ళు దించి గట్టు మీద కూర్చున్నాడు. పన్నెండుమందీ అలాగే కూర్చున్నారు.

బెదిరించారు. బుజ్జగించారు. పేర్లు రాసుకున్నారు. ఎండ నెత్తిమీదికి వచ్చింది. ఒక్క పిల్లా లేవలేదు. మొదట కుర్చీలోంచి లేచింది విద్యాధికారే. "ఆ తొలగింపు కాగితం రద్దు చేసి ఆయన్ని పిలిపించండి," అన్నారు, ప్రధానోపాధ్యాయురాలి ముఖం చూడకుండా.

తోటమాలి వచ్చాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. కవరు అడుగు కోసి, పక్క చీల్చి, మట్టి ముద్ద చెదరకుండా గుంతలోకి ఎలా దించాలో చూపాడు. విద్యాధికారి తెల్ల చొక్కా చేతులు మోచేతిదాకా మట్టయ్యాయి. ఖాళీ కవర్లను లెక్కపెట్టి తీసుకున్నవాడు బొద్దు. పన్నెండూ వచ్చేదాకా ఎవరినీ కదలనివ్వలేదు.

"నీకు వారం రోజులు తరగతి బయటే నిలబడే శిక్ష," అన్నది ప్రధానోపాధ్యాయురాలు కందిరీగతో. "ఇప్పుడైనా ప్రతిజ్ఞ చదువుతావా?"

కందిరీగ మట్టిచేతులతోనే కాగితం మడతలు విప్పి, వాక్యాన్ని ఇంకొకసారి చూసి, తిరిగి ఆమె చేతిలో పెట్టింది.

"చదవను మేడమ్. వచ్చే ఏడాదికి ఇవి బతికుంటే, అప్పుడు చదువుతాను."