గట్టు కింద లెక్క

ఉదయం తొమ్మిదిన్నరకు కాలవగట్టు ఎక్కుతూ పిచ్చుక పడిపోయింది. తల మీది అరటిగెలకు ఏమీ కాలేదు.

ఆ సంగతి ముందు చూసుకున్నది షావుకారు. గట్టు మీద లారీ పక్కన ఉన్నవాడు సగం దాకా దిగివచ్చి, గెలను అటూ ఇటూ తిప్పి, కాయల మీద గీత పడలేదని తేల్చుకుని, "బతికించావు" అన్నాడు. గెలతో అన్నాడో మనిషితో అన్నాడో తెలియలేదు. పిచ్చుక వాలులో కూర్చుని కుడికాలి మడమ పట్టుకుంది. మనిషి చిన్నది కాబట్టి ఆమెకు ఆ పేరు పెట్టారు.

వెనకాలే వస్తున్న వదిన తల మీది గెల దించకుండానే ఆగింది. తోటను కౌలుకు చేస్తున్న మరిదికి ఆమె అన్న భార్య. అన్న ఇప్పుడు లేడు. మోత ముఠాకు ఆమే పెద్ద. వరస కానివాళ్లు కూడా ఆమెను వదినా అనే పిలుస్తారు.

"లేవగలవా?"

"లేస్తాలే వదినా. కాలే మాట వినట్లేదు."

"విన్నాకే లే. తొందరేముంది, నువ్వు పడితే మచ్చ పడదుగా."

పడమట మబ్బు పట్టి ఉంది. సాయంత్రానికి పెద్ద గాలి వస్తుందని నిన్నటి నుంచి చెబుతున్నారు. తోటలో చెట్టుకు రెండేసి ఊతకర్రలు పాతారు. అయినా ఈ రకం చెట్టు గెల బరువుకు ముందుకు వంగి ఉంటుంది. గాలి తగిలితే నడుం దగ్గర విరుగుతుంది. విరిగిన చెట్టు గెలను షావుకారు కొనడు. అందుకని ముదిరిన గెలలన్నీ ఈరోజే గట్టు ఎక్కాలి. కిందకు లారీ దిగదు, నేల తడి. మరిది గెలలు కోసి ఎండుటాకుల మీద పడుకోబెడుతున్నాడు. ఆరుగురు ఆడవాళ్లు మోస్తున్నారు. ఇప్పుడు ఐదుగురు.

ఈ రకాన్ని ఎంచింది వదినే.

పోయిన ఏడు మరిది మూడు పిలకలు గోనెసంచిలో తెచ్చి ఆమె వాకిట్లో పెట్టాడు. ఒకటి వాళ్లు ఎప్పుడూ వేసే రకం. చెట్టు పొడుగు, గెల చిన్నది. కాయ రుచే కానీ, తొక్క పల్చన కావడంతో రెండు రోజుల ప్రయాణానికి నల్లబడుతుంది. రెండోది కూర అరటి. తెగులుకు తట్టుకుంటుంది కానీ సంతలో అడిగేవాళ్లు తక్కువ. మూడోది షావుకారు ఇచ్చాడు. చెట్టు పొట్టి, కాయ పొడుగు, తొక్క మందం, వారం దాకా పచ్చిగా నిలుస్తుంది. అది వేస్తే తోట మొత్తం తనే కొంటానన్నాడు.

"ఏది నాటమంటావు?" అన్నాడు మరిది.

అంతకు ముందు కోతలో మరిది పొడుగు చెట్టు వంచుతుంటే అది జారి, కింద గెల అందుకోబోయిన ఆమె భుజం మీద పడింది. చెయ్యి పైకి లేవడానికి నెల పట్టింది. ఆమె మూడో పిలకను కాలితో ముందుకు జరిపింది.

"పొట్టిది వెయ్యి. నిలబడి కోసుకోవచ్చు."

"పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు వదినా."

"ఉంటే ఉండనీ. చేతికందుతాడుగా."

పిలకలు మూడూ ఒకే ఎత్తున ఉన్నాయి. చెట్టు ఎంత బరువు గెల వేస్తుందని ఇద్దరిలో ఒక్కరూ అనుకోలేదు.

మోతకూలి గెలల లెక్కన కావాలన్నదీ ఆమే. అంతకు ముందు రోజుకూలి. షావుకారు చీకటి పడేదాకా వదిలేవాడు కాదు. ముఠా రెండు రోజులు పని మాని గెలకు ఇంతని అడిగింది. గెలకు ఆరు రూపాయల చొప్పున ఒప్పందమైంది. పొడుగు రకం గెలలతో మధ్యాహ్నానికే పని తెమిలేది. ఆ ఏడు వదిన గెలిచిందని అందరూ అన్నారు.

ఇప్పుడామె గట్టెక్కి గెలను కాటా మీద దించింది. కాటా లారీ పక్కన పీట మీద ఉంటుంది. షావుకారు ముల్లు చూసి తన పుస్తకంలో వేసుకున్నాడు. ఆమె కదల్లేదు.

"ఎంత తూగింది?"

"ముప్పై తొమ్మిది కిలోలు. నీకెందుకమ్మా? నీది లెక్క, తూకం కాదు."

"ఊరికే."

ఆమె కిందికి వెళ్లి పిచ్చుకను చంక కింద పట్టుకుని పైకి తెచ్చింది.

"ఎక్కవే."

"ఎక్కడికి?"

"కాటా మీదకి. మీ ఆయన ఎప్పుడైనా తూచాడా నిన్ను?"

పిచ్చుక ఒంటికాలి మీద కాటా ఎక్కి లారీ అంచు పట్టుకుంది. వదిన ఆ చెయ్యి విడిపించింది. ముల్లు నలభై మూడు దగ్గర ఆగింది.

లారీ డ్రైవరు ముందు సీట్లోంచి తల బయటపెట్టాడు. "కాడ తరుగు తీశారా షావుకారు గారూ? తీస్తే నలభై లోపే."

రైతు దగ్గర ప్రతి గెలకూ కాడ బరువని కొంత తగ్గించడం షావుకారుకు అలవాటు. అందరూ నవ్వారు. పిచ్చుక కూడా నవ్వి కాటా దిగింది.

"ఏంటమ్మా ఈ ఆట? వాన వచ్చేట్టుంది" అన్నాడు షావుకారు.

"పొడుగు రకం గెల పదిహేను తూగేది. దానికి ఆరు ఇచ్చారు. దీనికీ ఆరే ఇస్తున్నారు."

"గెల అంటే గెలే. చిన్న గెల, పెద్ద గెల అని ఆ రోజు అనుకున్నామా? నేను రోజుకూలి ఇస్తానంటే వద్దని లెక్క అడిగింది నువ్వు. చేసుకున్నవాళ్లకి చేసుకున్నంత."

అది నిజమే. వదిన ఇంకోటి అడిగింది.

"రైతు దగ్గర మీరు లెక్కన కొంటారా, తూకానా?"

"తూకానే. ఎవరైనా అంతే."

"మరి గట్టు కింద లెక్క, గట్టు మీద తూకం. మధ్యలో ఉన్నది మా తల."

ఆమె నెత్తి మీది చుట్టకుదురు తీసింది. పాత చీర ముక్క అది, అరటి జిగురు కర పట్టి నల్లగా అయింది. విప్పి దులిపి, వంగి, పిచ్చుక మడమకు బిగించి కట్టింది.

కింద ఉన్న నలుగురు అది చూశారు. ఒకామె గెల ఎత్తబోయి వదిలేసింది. తర్వాత నలుగురూ గట్టు నీడన కూర్చున్నారు.

మరిది కత్తి పట్టుకునే పరుగున వచ్చాడు. వదినను చెట్ల వరసలోకి పిలిచాడు.

"నీకు దణ్ణం పెడతా వదినా. ఈ పూటకి మోయండి. రేపు నేను మాట్లాడతా."

"రేపు మోయడానికి ఏముంటుంది, మాట్లాడ్డానికి ఏముంటుంది?"

"కౌలు కట్టాలి. గాలొస్తే చెట్టు మిగలదు. నీకు తెలీదా?"

"తెలుసు."

"పొట్టిది నాటమంది నువ్వు కాదా?"

"నేనే. చెట్టు చూసి అన్నా. నువ్వు గెల చూశావా?"

"షావుకారు తోటలో చూశా."

"ఎత్తావా?"

మరిది కత్తికి అంటిన జిగురు అరటాకుతో తుడిచాడు. ఈ తోటలో కోత అతనిది, మోత వీళ్లది. ఎప్పుడూ అంతే.

అతను కత్తిని నేలలో గుచ్చాడు. తువ్వాలు చుట్టి నెత్తిన పెట్టుకుని, గెల ఎత్తుకుని గట్టెక్కాడు. దించి వచ్చి ఇంకోటి ఎత్తాడు. మూడో గెలతో వాలు మధ్యలో ఆగాడు. గెలను మెల్లగా నేల మీద పెట్టి పక్కన కూర్చున్నాడు.

"మగాడివి, మూడింటికే చతికిలబడ్డావా?" అన్నాడు పైనుంచి షావుకారు.

"మిగతావి మీరే మోసుకోండి" అన్నాడు మరిది. అతను షావుకారుకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. చెప్పాక తనే తల దించుకున్నాడు.

మధ్యాహ్నం షావుకారు వేరే ముఠాకు ఫోన్ చేశాడు. రేపు పొద్దునైతే వస్తామన్నారు. ఆడవాళ్లు తెచ్చుకున్న అన్నం తిన్నారు. ఒకామె లేచి కోసిన గెలల మీద ఎండుటాకు కప్పి వచ్చింది. పని మానినా కాయ పాడవడం చూడలేకపోయింది. వదిన వద్దనలేదు.

మూడు దాటాక మొదటి గాలి వచ్చింది. తోటలో ఎక్కడో ఊతకర్ర జారింది, చెట్టు ఒకటి విరిగిన చప్పుడు అయింది. మరిది అటు చూడలేదు.

షావుకారు గట్టు దిగాడు.

"సరే. సగం లారీతో పోలేను. గెలకి ఎనిమిది."

కూర్చున్నవాళ్లు వదిన వైపు చూశారు. పిచ్చుక కూడా చూసింది. ఎనిమిదంటే తక్కువేం కాదు.

"తూకం" అంది వదిన.

"ఎనిమిది ఇస్తానంటుంటే ఇంకా తూకమేంటి?"

"ఇవాళ ఎనిమిదికి సరేనంటే, వచ్చే ఏడు ఇంతకన్నా పెద్ద గెల వేసే రకం తెస్తారు. పిలక మీ సంచిలోంచే కదా వచ్చేది. అప్పుడూ గెల అంటే గెలే అంటారు."

"తొమ్మిది."

"కాటా కిందికి దింపండి. తూచి ఎత్తుతాం. పదిహేను కిలోలకు ఆరు, ఎంత తూగితే అంత కూలి. అదీ మాట."

"కాటా నాది. అది గట్టు మీదే ఉంటుంది." షావుకారు తిరిగి గట్టెక్కాడు.

మరిది లేచాడు. అతను గెలల వైపు వెళ్తాడనుకున్నారు. గట్టెక్కి, పీట మీంచి కాటా లేపాడు.

"దాన్ని కదిలించావంటే ఈ తోటలో కాయ ముట్టను" అన్నాడు షావుకారు.

మరిది ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు. కాటా అతని చేతుల్లో ఉంది, ముల్లు అటూ ఇటూ ఊగుతోంది. తర్వాత తువ్వాలు చుట్టుకుని, కాటాను నెత్తికెత్తుకుని, పక్కకు అడుగులు వేస్తూ వాలు దిగాడు. డ్రైవరు తల బయటపెట్టి చూశాడు.

గట్టు కింద నేల ఎగుడుదిగుడుగా ఉంది. ఒక మూల కింద పిచ్చుక రాయి పెట్టింది. కాటా సమంగా నిలిచింది.

షావుకారు లారీ ఎక్కి తలుపు వేసుకున్నాడు. ఇంజను శబ్దం రాలేదు.

నాలుగుంబావుకు చినుకులు మొదలయ్యాయి. వదిన ఎండుటాకు తొలగించి, ఒక గెల ఎత్తి కాటా మీద పెట్టింది.

ముల్లు ముప్పై ఏడు దగ్గర ఆగింది.