కోటలో వేరుశనగ కాయ

అటక సర్దుతుంటే చిన్నప్పటి ఆట పెట్టె దొరికిందని ఉరవకొండ నుంచి అన్న దివాకర్ ఫోన్ చేయగానే, "తీసుకొని రా అన్నా. ఈసారి నిన్ను వదిలేదే లేదు" అంది వనజాక్షి. యాభై దాటిన మనిషికి ఇదేం పంతమంటారా? ఆ పంతం వెనక ఒక పాట ఉంది.

చిన్నప్పుడు వాళ్ళ మేనమామ కువైట్ నుంచి తెచ్చిన ఆట అది. సెల్లులు వేస్తే పలికే మాయకోట. బొమ్మ వీరుణ్ణి జరుపుతూ గడులు నొక్కుకుంటూ పోవాలి. గోడ అడ్డొస్తే కీచుమంటుంది, దాక్కున్న రెక్కల పాము పట్టుకుంటే గర్జిస్తుంది. నిధి ఎత్తుకొని సొంత గదికి చేరితే పాట వాయిస్తుంది. ఆ పాట వనజాక్షి కోసం ఒక్కసారీ మోగలేదు. ఎప్పుడూ అన్నకే. అంతటితో ఊరుకున్నాడా మహానుభావుడు? ఆమె పరీక్ష తప్పితే అదే పాట ఈల వేశాడు. పెళ్ళిలో అప్పగింతలప్పుడు కూడా అదే ఈల!

బుక్కరాయసముద్రంలో చెల్లెలింటికి రాగానే దివాకర్ కరకరలాడే చక్కిలాల పళ్ళెం పక్కకు నెట్టాడు. "కడుపు బాగలేదులే పాపా" అన్నాడు. కడుపు బాగలేని మనిషి పూర్ణం ఓళిగలు మాత్రం పాలలో నానబెట్టుకొని వరసగా లాగించాడు.

తుప్పు పట్టిన రేకులను నిమ్మచెక్కతో తోమి కొత్త సెల్లులు వేస్తే కోట కుయ్యిమంది. ఇద్దరూ చిన్నపిల్లల్లా కేకలేశారు. బొమ్మ వీరులు ఏనాడో వాళ్ళ నాయన ఆరబోసిన వేరుశనగ రాశిలో కలిసిపోయారు. అందుకని అప్పటిలాగే చెరొక కాయే వీరుడు. దానికి దివాకర్ పెట్టిన చట్టం ఒకటుంది. పాము పట్టిన కాయను ఎదుటివాళ్ళు ఒలిచి, నమిలి మింగాలి. మింగితేనే వీరుడు చచ్చినట్టు. చెల్లెలి వీరులను ఎంతమందిని కరకరలాడించాడో ఆ దేవుడికే తెలియాలి.

ఈసారి నిధి వనజాక్షికే దొరికింది. ఊపిరి బిగబట్టి ఒక్కో గడి నొక్కుకుంటూ వెనక్కి వచ్చింది. ఇంకొక్క గడి దాటితే ఆమె గది. అప్పుడు గర్జించింది పాము.

"థూ, నా మొగానికి ఆ పాట రాసిపెట్టలేదు!" అని కాయ తీసి అన్న చేతిలో పెట్టింది. ఏడుపొచ్చినంత పనైంది.

దివాకర్ కాయ ఒలిచాడు. పప్పుల వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు. నోట్లో మాత్రం వేసుకోలేదు.

"తినన్నా, ఏమి చూస్తాండావు?"

"దంచుకొని తింటాలే. రోలు యాడుండాది?"

"దంచేది యాడుండాది నీ చట్టంలో? నమలాల!" అంటుండగానే ఆమెకు చక్కిలాల పళ్ళెం గుర్తొచ్చింది. "ఏదీ, నోరు తెరు!"

దొరికిపోయాడు. "మొన్ననే పండ్లు కట్టిచ్చుకుంటి పాపా. గట్టివి కొరికితే ఊడొస్తాయన్నాడు డాక్టరు. ఎవురికీ చెప్పాకు" అని గొణిగాడు.

వనజాక్షి పొట్ట పట్టుకొని నవ్వింది. "అయితే నా వీరుడు బతికినట్టే!" అని అతని అరచేతిలోంచి ఒక పప్పు తీసి తన గదిలో పెట్టి నొక్కింది.

పాట మోగింది. కోట గొంతు కాస్త బొంగురుపోయింది, అంతే. ఇన్నేళ్ళూ వెక్కిరింతగా విన్న పాట ఇంత బాగుంటుందని ఆమెకు తెలియనే తెలియదు. ఒళ్ళంతా సంతోషంతో పులకరించింది.

"ఇప్పుడెయ్యన్నా ఈల!"

దివాకర్ పెదవులు బిగించి ఊదాడు. కొత్త పళ్ళ సందున ఉత్త గాలే వచ్చింది. పకపకా నవ్వి, వనజాక్షి పెదవులు గుండ్రంగా చుట్టి ఆ పాటంతా మొదటి నుంచి తానే ఈల వేసింది.