ఎర్ర ట్రైలర్ కింది వాల్వ్

మా యార్డులో ట్రైలర్లకు నంబర్ ప్లేట్లు బోల్టులతో బిగించరు. తీగతో కడతారు. తనిఖీ పూర్తయిన బండి ప్లేటు విప్పి, ఆ పూట లోడు పడ్డ బండికి కట్టి పంపడం మా మేస్త్రీకి పళ్లు తోముకున్నంత అలవాటు.

బ్రేకుల సంగతి దాంతోనే చెడింది. మా ఎర్ర, నీలం ట్రైలర్ల రకంలో గాలి వాల్వ్ ఉండుండి ఇరుక్కుపోతోందనీ, డ్రైవర్ బ్రేకు తొక్కినా ట్రైలర్ ఆగకుండా తనను లాగే లారీనే ముందుకు నెట్టుకుపోతోందనీ తయారుచేసిన కంపెనీ ఒప్పుకుంది. బండ్లు తెస్తే కొత్తది ఊరికే వేస్తామంది. తెమ్మంటే మా ఓనరు పంపుతాడా, పూట బాడుగ పోదూ? చివరికి కంపెనీ మనుషులే పెట్టె పట్టుకుని వచ్చారు, ఒకసారి ఒకడు, ఇంకోసారి ఇంకొకడు. రెండుసార్లూ యార్డులో ఉన్నది ఎర్ర ట్రైలరే. మొదటివాడు వచ్చినప్పుడు దానికి దాని ప్లేటే ఉంది. రెండోవాడు వచ్చేసరికి నీలం ట్రైలర్ ప్లేటు వేలాడుతోంది. వాడు ప్లేటు చూశాడు, కింద దూరాడు, మొదటివాడు బిగించిన కొత్త వాల్వ్‌ను పాతదని పీకి పెట్టెలో వేసుకుని, ఇంకో కొత్తది బిగించి పోయాడు. ఉద్యోగమంటే అలా చెయ్యాలి.

నీలందాన్ని లాగేది మా చెల్లెలి మొగుడు. నడుం పట్టేసి ఇంట్లో కూర్చున్న మనిషి, ఈమధ్యే మళ్లీ స్టీరింగ్ పట్టాడు. ఆ రోజు కొండ అవతలికి ఇనప పైపుల లోడు. గ్రీజు కొట్టడానికి నేను దాని కింద దూరితే పాత వాల్వ్ మట్టి పట్టి అలాగే ఉంది.

"మేస్త్రీ, నీలందానికి కొత్తది వెయ్యలేదు."

"వేశారు. రెండూ అయిపోయాయని వాళ్లే ఫోన్ చేశారు."

"ప్లేటుకి వేశారు. బండికి వెయ్యలేదు."

మేస్త్రీకి అర్థమైంది. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అరిచి చావకు. మళ్లీ పిలిచి ఏమని చెప్పమంటావు? ప్లేట్లు మార్చి తిప్పుతున్నాం, వచ్చి బండ్లు పట్టుకుపొండి అనా?"

"బయట కొనిపించు."

"షాపుల్లో ఉన్న సరుకంతా కంపెనీ వెనక్కి లాక్కుంది. నీకు దొరికితే నాకూ ఒకటి పట్రా, మెళ్లో వేసుకుంటా."

బావ దగ్గరికి పోయాను. "బావా, ఈ బండి తియ్యకు."

"తియ్యకపోతే మీ చెల్లి నా తోలు తీస్తుంది. మళ్లీ గోడకి ఆనుకుని కూర్చోమంటావా? మెల్లిగా పోతాలే."

"ఈ లోడుతో కొండ దిగేటప్పుడు మెల్లిగా పోవడం నీ చేతిలో ఉండదు."

"అయితే దిగి పట్టుకోమంటావా?" నవ్వాడు. నవ్వు సగంలో ఆగింది. "ఇదంతా మీ చెల్లి చెవిన వెయ్యకు బావా," అని టీ తాగడానికి పోయాడు.

నేను స్పానర్ పట్టుకుని ఎర్రదాని కింద దూరాను. గాలి వదిలి, గొట్టాలు ఊడదీసి, కొత్త వాల్వ్ తెచ్చి బావ బండికి బిగించాను. బావ బండి పాతది ఎర్రదానికి బిగించాను. పెద్ద పనేం కాదు. ఎర్రదాన్ని ఎవరు లాగుతారో నాకు తెలుసు. తెలియనట్టు పని చేశాను.

బయటికి పాక్కుంటూ వస్తే వాడే ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ ఈల వేస్తుంటాడని అందరూ వాణ్ణి ఈల అనే పిలుస్తారు.

"ఏంటన్నా, నా బండి కింద కాపురం పెట్టావు?"

"గ్రీజు."

"దీనికి రెండుసార్లు కొత్త వాల్వ్ వేశారంటగా. మనకి ఒక్క పెళ్లికే దిక్కులేదు, దీనికి రెండు మనువులా! ఇంక తొక్కితే చాలు, ఆగుతుంది కదా?"

"ఆగుతుంది," అన్నాను.

బావ టీ తాగి వచ్చి లారీ ఎక్కాడు. గేటు దాటుతుంటే మేస్త్రీ షెడ్డులోంచి కేకేశాడు. "ఒరే ఈలా, నీదీ అక్కడికే! దారి తెలీదు కదా, ఆయన వెనకాలే అంటుకుని పో!"

"అలాగే మేస్త్రీ!" అని ఈల వేస్తూ ఎక్కాడు.

నేను గేటు దాకా పరిగెత్తాను. కేక వెయ్యాలి. ఏమని వెయ్యాలి? ఎవరి పేరు పెట్టి పిలవాలి? వెనక్కి తిరిగి చూస్తే మేస్త్రీ నా చేతిలోని స్పానర్ వంకే చూస్తున్నాడు. అతనికీ తెలిసిపోయింది. అయినా తల తిప్పుకున్నాడు. నేను స్పానర్ జేబులో దోపుకున్నాను.

రోడ్డు మలుపులో ముందు నీలం, దాని వెనకే ఎరుపు.