స్వీకరించడమైనది

మంచు కొండల్లోని మా ఊరి కౌన్సిల్‌కి ఉన్నట్టుండి వైవిధ్యం కావాల్సి వచ్చింది. హోటళ్ళలో పక్కలు మార్చేవాళ్ళూ, ఇళ్ళ కప్పుల మీద మంచు తోసేవాళ్ళూ ఈ ఊళ్ళో అద్దెలు కట్టలేక ఎక్కడ చస్తున్నారని ఎవరో పేపర్లో రాశారు. ఇంకేముంది, ఇళ్ళ కోసమూ వైవిధ్యం కోసమూ కలిపి ఒక సలహా మండలి వెలిసింది. రిటైరైన లాయరు విట్లాక్ దానికి పెద్ద. ఒక పాస్టరు, ఇళ్ళు అమ్మిపెట్టే ఆవిడ, ఇంకా అలాంటివాళ్ళే చేరారు. అందరూ తెల్లవాళ్ళే, వైవిధ్యం ఒక్కటే తక్కువైంది. అప్పుడు మా యూఫేమియా గుర్తొచ్చింది వాళ్ళకి.

యూఫేమియా హోటల్ లాండ్రీలో పనిచేస్తుంది, నా పక్క ట్రైలర్ ఇంట్లో ఉంటుంది. ఆమె కూతురి జ్ఞానస్నానానికి జ్ఞానతల్లిగా నిలబడింది నేనే. అందుకని మేమిద్దరం ఒకరినొకరు మా స్పానిష్‌లో కొమాద్రె అని పిలుచుకుంటాం. సొంత అక్కాచెల్లెళ్ళు కూడా ఇంత పోట్లాడుకోరు, ఇంత కలిసీ ఉండరు. మండలిలో కూర్చోబెట్టి, ఆమె పేరు చెక్కిన పలక ముందు పెట్టి ఫోటో తీశారు. ఊరి వెబ్‌సైట్ తెరిస్తే చాలు, మా యూఫేమియా నవ్వుతూ కనబడేది. కొండల బొమ్మకు బదులు నీ బొమ్మ పెట్టారే అని నేను ఏడిపించేదాన్ని.

మా ట్రైలర్ల వాడ, పార్కంటాం దాన్ని, ఏటి ఒడ్డున ఉంది. ట్రైలర్ మాది, కింద నేల ఇంకొకడిది. చక్రాల ఇళ్ళని పేరే గానీ ఏనాడో పాతుకుపోయాయి, కదిపితే అట్టపెట్టెల్లా విడిపోతాయి. ఆ చలికాలం నేల యజమాని డెన్వర్ కంపెనీ ఒకదానికి బేరం పెట్టాడు. అక్కడ విడిది ఇళ్ళు కట్టాలంటే ఆ నేల వాడకం మార్చడానికి కౌన్సిల్ ఒప్పుకోవాలి. కంపెనీ మాకూ ఒక దారి చూపింది. దిగువ లోయలో వాళ్ళకి ఇలాంటిదే ఇంకో పార్కుంది, అందులో కొన్ని ట్రైలర్లు ఖాళీగా ఉన్నాయి. ఖాళీ చేస్తామని మార్చి ఆఖరులోగా సంతకం పెట్టినవాళ్ళకి అవి ఇస్తారు. ఆ తర్వాత ఎవరి దారి వాళ్ళది.

మండలి తన పని తాను చేసింది, కాదనను. యూఫేమియా డ్యూటీ దిగి వచ్చి మంచులో ఇంటింటికీ తిరిగి అందరి కష్టాలూ రాసుకుంది. వాడకం మార్చొద్దని, పార్కును ఊరే కొని మాకు అద్దెకివ్వాలని మండలి అంతా ఒక్క మాటగా నివేదిక రాసింది. దాన్ని కౌన్సిల్ ముందు చదివే పని యూఫేమియాకే ఇచ్చారు. రెండు వారాలు నన్ను కూర్చోబెట్టి ఆ ఇంగ్లీషు అప్పజెప్పింది. నాకే నోటికొచ్చేసింది.

కౌన్సిల్ సమావేశం సాయంత్రం పార్కులోవాళ్ళమంతా వెళ్ళాం. ఆమె వణకకుండా మాట్లాడింది. మేయరమ్మ కళ్ళు తుడుచుకుంది. ఒక కౌన్సిల్ సభ్యుడు లేచి, సలహా మండలి నివేదికను స్వీకరించాలని ప్రతిపాదించాడు. బల్ల వెనక కూర్చున్నవాళ్ళ చేతులన్నీ లేచాయి. హాలంతా చప్పట్లు. మా వాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఆ ఆదివారం పార్కులో మొక్కజొన్న పిండి తమాలెలు వండి, అకార్డియన్ పెట్టి, పెళ్ళిలా చేశాం.

మా వరసలో చివరింట్లో పెద్దాయన దొన్ ఇలారియో ఉంటాడు. ఈ ఊళ్ళో సగం పొగగొట్టాలు ఆయన కట్టినవే. భార్య అంపారోకి ఆక్సిజన్ మిషన్ లేకపోతే పూట గడవదు. ఆయన కంపెనీ కాగితం మీద సంతకం పెట్టేవాడే. పెట్టబోయే ముందు యూఫేమియా దగ్గరికొచ్చాడు.

"నువ్వు లోపలి మనిషివి కదమ్మా. పెట్టమంటావా, వద్దంటావా?"

"ఎందుకు పెద్దాయనా? కౌన్సిలంతా స్వీకరించింది. అందరూ చేతులెత్తడం మీరూ చూశారుగా."

ఆయన ఇంటికెళ్ళి ఆ కాగితాన్ని పొయ్యిలో వేశాడు. ఆయన పెట్టలేదని మరి కొందరు పెట్టలేదు. మార్చి వెళ్ళిపోయింది.

ఏప్రిల్లో కౌన్సిల్ సమావేశం నోటీసు అంటించారు. నేల వాడకం మార్పు మీద ఓటు అని ఉంది. ఎవరో పొరపాటున వేసుంటారని యూఫేమియా నవ్వింది. నేను మాత్రం, పద కనుక్కుందాం అన్నాను. ఇద్దరం విట్లాక్ ఇంటికెళ్ళాం. ఆయన చెడ్డవాడైతే నాలుగు తిట్టి వచ్చేద్దుము. మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి, మెల్లగా చెప్పాడు.

"స్వీకరించడమంటే, మన నివేదిక వాళ్ళకి అందిందని రాసుకోవడం, యూఫేమియా గారూ. అంతే. ఒప్పుకోవాలంటే ఆమోదించాలి. అది వేరే ఓటు."

"ఆ ఓటు ఎప్పుడు?"

"దానికెవరూ ప్రతిపాదన పెట్టలేదు."

"మరి మీరు చప్పట్లు కొట్టారు కదండీ."

"మీరు బాగా మాట్లాడారని కొట్టాను." ఆయన మొహం ఎర్రబడింది. "ఆ తేడా మీకు తెలుసనుకున్నాను."

ఎలా తెలుస్తుంది? ఇంట్లోకి రమ్మని స్వీకరించినవాణ్ణి ఎవరైనా గుమ్మంలోనే నిలబెడతారా? చేతులెత్తారని మేం పండగ చేసుకున్నాం. చేతులెత్తేశారని మాకెవరూ చెప్పలేదు.

ఏప్రిల్ ఓటు పావుగంటలో అయిపోయింది. ఒక్కావిడ వద్దంది, మిగతా అందరూ సరేనన్నారు. సలహా మండలి గళం ఎంతో విలువైనదని మేయరమ్మ ధన్యవాదాలు చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ ఎవరి మీద అరవాలో తెలియలేదు. అందరూ అంత మర్యాదగా ఉన్నారు.

మర్నాడు యూఫేమియా పని మానేసి కంపెనీ ఆఫీసుకెళ్ళింది, నేనూ వెళ్ళాను. దిగువ పార్కులో ట్రైలర్లన్నీ నిండిపోయాయని అక్కడి పిల్ల కంప్యూటర్లో చూసి చెప్పింది. ఏదైనా ఖాళీ అయితే ఫోన్ చేస్తాం, పేర్లివ్వండి అంది. యూఫేమియా మొదట ఇలారియో పేరు చెప్పింది. తర్వాత సంతకం పెట్టనివాళ్ళందరి పేర్లూ చెప్పింది. తన పేరు మర్చిపోతే నేను చెప్పాను.

అక్కణ్ణించి నేరుగా దొన్ ఇలారియో ఇంటికి వెళ్ళాం. ఆయన మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు. లోపల ఆక్సిజన్ మిషన్ బుసబుసమంటోంది. ఓటు సంగతీ, స్వీకరించడం సంగతీ యూఫేమియా చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"సరేలే, అది పోతే పోయింది. ఆ కాగితం ఇంకోటి తెప్పించు, ఇప్పుడే సంతకం పెట్టేస్తాను."

యూఫేమియా నా వైపు చూసింది.

"కాగితం లేదు పెద్దాయనా. ఇళ్ళయిపోయాయి."

ఆయన కోప్పడితే బాగుండేది. పాపం, ఆమెను ఓదార్చడానికే అన్నాడు.

"నువ్వేం చేస్తావమ్మా, నీ పని సలహా చెప్పడం. ఈ ఊళ్ళో నీ సలహా విన్నది నేనొక్కణ్ణే."

యూఫేమియా ఆ మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. ఎవరొచ్చారని లోపల్నించి అంపారో అడిగింది.