నా భార్య క్షేమం

"నువ్వేం నొక్కావు?" అన్నాడు ప్రభాకర్.

మిక్సీ ఆగినా, మోటారు నీళ్ళు ఎక్కించకపోయినా, టీవీలో చుక్కలొచ్చినా పదమూడేళ్ళుగా ఆ ఇంట్లో ముందు వినపడే ప్రశ్న అదే. శాంతి అప్పుడు హాస్టలు పిల్లలకి అన్నం వారుస్తోంది. ముప్ఫై నలుగురి అన్నం. అంత గిన్నెని రెండు చేతులా గుడ్డలతో పట్టుకుని వంచుతున్న మనిషి ఏం నొక్కగలదు? గంజి కాళ్ళ మీద పడకుండా చూసుకుని, గిన్నె నిలబెట్టి, అప్పుడు చెప్పింది.

"నేనేం నొక్కలేదండీ. కాంతారావు గారు కొత్త సిస్టం ఎక్కించిన దగ్గర్నుంచీ అంతే."

ఉప్పెన తర్వాత నాగాయలంకలో కట్టిన ఆ హాస్టలుకి ప్రభాకరే వార్డెను, పక్కనున్న చర్చికి పాస్టరూ అతనే. విదేశాల్లోని దాతలు ఆరేళ్ళ కిందట కంప్యూటర్ ఇచ్చారు. అది ముసలిదైపోయిందని, బందరులో కంప్యూటర్ షాపు పెట్టుకున్న కాంతారావు సోమవారం వచ్చి దాంట్లోనే కొత్త సాఫ్ట్‌వేర్ సిస్టం వేసి వెళ్ళాడు. అప్పట్నుంచి మెయిల్ ప్రోగ్రాం తెరిస్తే ఇసుక గడియారం బొమ్మ కాసేపు తిరుగుతుంది, పది లెక్కపెట్టేలోపు ఏదో పొరపాటు జరిగిందని ఒక పెట్టె కనపడుతుంది, అంతే, మూసుకుపోతుంది.

"ఫార్మాట్ కొట్టేద్దామండీ. పాత మెయిళ్ళన్నీ పోతాయనుకోండి, కానీ శుభ్రంగా ఉంటుంది" అన్నాడు కాంతారావు ఫోన్లో.

"పోతే పోనీండి. పాత ఉత్తరాలతో మనకేం పని?" అన్నాడు ప్రభాకర్. తను రాయనివాటిని వదులుకోవడం ఎవరికైనా తేలికే.

"ఒక్కసారి నేను చూస్తానండీ" అంది శాంతి.

"నీకెందుకు ఆ గొడవ? నాలుగింటి బస్సుకి ఆయన వస్తాడు. మధ్యాహ్నం స్త్రీల కూడిక ఉందిగా, టీ సంగతి చూసుకో." స్కూటరెక్కి అవనిగడ్డలో పాస్టర్ల మీటింగుకి వెళ్ళిపోయాడు.

ప్రభాకర్ చెడ్డవాడేం కాదు. చెయ్యెత్తడు, తాగడు, అందరి ముందూ "మా శాంతి లేకపోతే నేను లేను" అంటాడు. చిక్కంతా అక్కడే. చెడ్డవాడైతే ఎప్పుడో తిరగబడి ఉండేది.

గుడివాడలో టైపు హయ్యర్ ఫస్టు క్లాసులో పాసై, ఆఫీసులో చేరాల్సిన పిల్ల పాస్టరు గారి భార్య అయింది. పాస్టరు గారి భార్యకి జీతం ఉండదు, సెలవు ఉండదు, 'అమ్మగారూ' అన్న పిలుపు మాత్రం ఉంటుంది. నెలకోసారి దాతలకి ఇంగ్లీషులో ప్రార్థన లేఖ వెళ్ళాలి. "వర్షాలు పడ్డాయని, పిల్లల పరీక్షలని, ఇద్దరు బాప్తిస్మం తీసుకున్నారని రాసెయ్యి" అని ప్రభాకర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ చెప్పేవాడు. ఆ మూడు ముక్కల్ని పట్టుకుని శాంతి రెండు పేజీలు రాసేది. ఉప్పుగాలికి తుప్పెక్కిన కిటికీ ఊచలు, వల మరమ్మతు చేస్తూ ఎక్కాలు అప్పజెప్పే పిల్ల, అన్నీ అందులోకి వచ్చేవి. ఉత్తరంలో 'నేను' అంటే ప్రభాకర్. చదివి చూడమంటే "నువ్వు రాస్తే నేను రాసినట్టేగా" అనేవాడు.

ఒకసారి ఒక దాత హాస్టలు చూడటానికి వచ్చి, మీ ఉత్తరాలు చదివి మా ఆవిడ ఏడుస్తుందండీ అన్నాడు. ప్రభాకర్ తల వంచి "దేవుని కృప" అన్నాడు. అత్తగారు ఎస్తేరమ్మకి ఆ మాట తెలుగులో చెబితే పొంగిపోయి, "మావాడికి చిన్నప్పట్నుంచీ అంతేనండీ, కలం పడితే చాలు!" అంది. శాంతి కాఫీ కప్పులు తీసుకెళ్ళి కడిగింది. కృపకి కాఫీ పెట్టింది ఎవరో కూడా ఆ రోజు ఎవరూ అడగలేదు.

స్త్రీల కూడికలో టీ పెట్టే పని వేరే ఇద్దరికి అప్పజెప్పి, పన్నెండున్నరకి శాంతి కంప్యూటర్ ముందు కూర్చుంది.

ఇంట్లో ఫ్యూజు ఊరికే ఎగిరిపోతుంటే ఏం చేస్తాం? అన్ని ప్లగ్గులూ పీకేసి, ఒక్కోటే పెట్టి చూస్తాం. ముందు ఇంటర్నెట్ వచ్చే ఫోను తీగ పీకింది. అయినా మూసుకుపోయింది. అంటే బయట్నుంచి వచ్చేదానిలో తప్పు లేదు. పాత మెయిళ్ళున్న ఫోల్డరు మొత్తాన్నీ పక్కకి జరిపి తెరిచింది. ప్రోగ్రాం ఖాళీగా తెరుచుకుని నిక్షేపంలా నిలబడింది. అయితే ప్రోగ్రాంలోనూ తప్పు లేదు. శాంతికి హుషారొచ్చింది. వచ్చిన ఉత్తరాల ఫైలు వెనక్కి పెట్టింది. బాగానే ఉంది. పంపిన ఉత్తరాల ఫైలు పెట్టింది. ఇసుక గడియారం, పెట్టె, మూత.

"దొరికావు" అంది పైకే.

ఆ ఫైలుని మామూలు అక్షరాలుగా తెరిస్తే ఉత్తరాలన్నీ ఒకదాని వెనక ఒకటి బారుగా కనిపించాయి. ముందు దానికో నకలు తీసి దాచింది. తర్వాత సగానికి కోసి, పై సగం పెట్టి చూసింది. తెరుచుకుంది. తప్పు కింది సగంలో ఉందన్నమాట. దాన్ని మళ్ళీ సగం చేసింది. కోసిన ప్రతి చోటా ఉత్తరం ఎక్కడ ముగుస్తుందో చూడాలి కనక ఆఖరి పేరా చదవక తప్పలేదు.

'నా భార్య శాంతి క్షేమంగా ఉంది, పరిచర్యలో నాకు సాయంగా ఉంటోంది.'

ఇంకోటి చూసింది. 'నా భార్య శాంతి క్షేమం.' మరోటి. 'నా భార్య మీకు వందనాలు చెబుతోంది.' డెబ్భై ఉత్తరాలు. తన చేత్తోనే, అతని నోటితో, తన గురించి ఒక్కో వాక్యం. నవ్వొచ్చింది ముందు. తర్వాత ఒళ్ళు మండింది. డెబ్భై నెలల్లో తనకి చెప్పుకోవడానికి క్షేమం తప్ప ఇంకేమీ లేకపోయిందా?

ముప్పావు గంటలో ఒక్క ఉత్తరం మిగిలింది. 2002 జూన్. దానికి జతచేసిన ఫొటో మధ్యలోనే తెగిపోయి ఉంది. గుర్తొచ్చింది. ఉత్తరం వెళ్ళాక, దాని నకలు ఈ ఫైల్లో చేరుతుండగా కరెంటు పోయింది. ఇంకో రోజైతే మళ్ళీ కూర్చుని సరిచూసేది. ఆ రోజు ఓపిక లేక వెళ్ళి పడుకుంది. అప్పటికి ఆసుపత్రి నుంచి వచ్చి రెండు రోజులు. అయిదో నెలలో బిడ్డ పోయింది. "దేవుని చిత్తం. ఉత్తరం మాత్రం ఆలస్యం కాకూడదు శాంతీ" అన్నాడు ప్రభాకర్. ఆ ఉత్తరం ఆఖర్న ఇలా ఉంది: 'నా భార్యకి కొంచెం నలతగా ఉండింది. ఇప్పుడు క్షేమం.'

పాత సిస్టం మూడేళ్ళూ చూసీచూడనట్టు ఊరుకుంది. కొత్తదానికి ఆ మొహమాటం లేదు.

శాంతి ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని తెగిన ఫొటో ముక్కని తీసేసింది. ఉత్తరాన్ని మాత్రం ఉంచింది. ఫైలు వెనక్కి పెట్టి ప్రోగ్రాం తెరిచింది. పది లెక్కపెట్టింది. వంద లెక్కపెట్టింది. డెబ్భై ఉత్తరాలూ వరసగా కనిపిస్తున్నాయి.

నాలుగున్నరకి కాంతారావు సీడీల సంచీతో వచ్చాడు. వెనకే ప్రభాకర్.

"ఫార్మాట్ అక్కర్లేదండీ" అంది శాంతి. కాంతారావు నాలుగుసార్లు తెరిచి మూసి చూసి, "ఎవరండీ బాగుచేసింది?" అన్నాడు.

"ఏదో, మేమే చూశాంలెండి" అన్నాడు ప్రభాకర్ నవ్వుతూ.

"మేము కాదండీ. నేను" అంది శాంతి. గొంతు పెంచలేదు. ఎక్కడ తప్పుందో, ఎలా దొరికిందో వివరంగా చెప్పింది. కాంతారావు కుర్చీ జరుపుకుని మరీ విన్నాడు. ప్రభాకర్ ఫ్యాను స్విచ్ వెయ్యబోయాడు, అప్పటికే తిరుగుతున్న ఫ్యానుకి.

కాంతారావుని బస్సెక్కించి వచ్చి, "సరే, ఈ నెల ఉత్తరం ఇవాళే పంపెయ్యి. ఇప్పటికే ఆలస్యమైంది" అన్నాడు వాకిట్లోంచే.

శాంతి కూర్చుని రాసింది. ఆరేళ్ళుగా మీరు చదివిన ఉత్తరాలు రాసినది నేనే అని మొదలుపెట్టింది. ఆ జూన్‌లో వచ్చినది నలత కాదని, పోయినది మా బిడ్డ అని రాసింది. పిల్లల గురించి, వానల గురించి ఎప్పటిలాగే రాసింది.

"పంపేముందు ఒకసారి చదువుతారా?" అని పిలిచింది. అడగడం న్యాయమనిపించింది.

"చదివేదేముంది? నువ్వు రాస్తే నేను రాసినట్టేగా" అన్నాడు పేపరు మడతపెట్టకుండానే.

శాంతి ఆఖరి పేరా మరోసారి చూసుకుంది. 'నా భర్త ప్రభాకర్ క్షేమంగా ఉన్నారు, పరిచర్యలో నాకు సాయంగా ఉంటున్నారు. మీకు వందనాలు చెబుతున్నారు.' కింద తన పేరు.

పంపే బొత్తాం నొక్కింది. ఉత్తరం వెళ్ళేదాకా కదలకుండా కూర్చుంది. ఇక ఏం నొక్కావని ఎవరడిగినా, ఏం నొక్కిందో చెబుతుంది.