ఉంగరం ముద్ర

నా భార్య మాణిక్యం అబద్ధం చెప్పలేదు. లక్ష్మీకాంత్ మాకు అమ్మిన గొలుసు ఇరవై రెండు క్యారెట్లది కాదు. ఇందులో వాదనకు తావు లేదు. పరీక్షా కేంద్రం వాళ్లు నాలుగు లింకులు కత్తిరించి, కరిగించి, కాగితం మీద రాసి, స్టాంపు వేసి ఇచ్చారు.

గొలుసు కొన్నది బెంజ్ సర్కిల్ దగ్గర, లక్ష్మీకాంత్ షాపులో. ఆ ఏడు మినుములు బాగా పండాయి. మాణిక్యం పెళ్లినాటి నానుతాడు అరిగిపోయి అప్పటికే రెండుసార్లు తెగింది. అది ఇచ్చేసి, పైన డబ్బు కట్టి, కొత్తది తీసుకున్నాం. సురేష్ అనే సేల్స్‌మన్ కొక్కెం మీద గవర్నమెంటు ముద్ర భూతద్దంలో చూపించాడు. త్రిభుజం గుర్తు, 22K916, పక్కన అక్షరాలూ అంకెలూ కలిసి ఆరు.

నేను మా ఊరి బడిలో ఏడు దాకా చదివాను. ఇంగ్లీషులో అక్షరాలు వచ్చు, మాటలు రావు. ఆ ఆరింటినీ బిల్లు మీద ఉన్న ఆరింటితో వేలు పెట్టి సరిచూసుకున్నాను. సరిపోయాయి. సురేష్ వాటినే ఫోనులో కొట్టి చూపించాడు. 22 అంకె కనపడింది. అది నాకు చాలు.

"ప్రతి నగకీ దాని నంబరు దానికే బాబాయిగారూ. ఆధార్ కార్డు లాగా," అన్నాడు.

ఇంటికొచ్చాక మాణిక్యం సూత్రాలను కొత్త గొలుసులోకి మార్పించింది. మా ఊరి ఆచారి అరుగు మీద ఒక పూట పని. ఆ పూట మెడ బోసిగా ఉండకూడదని పసుపుతాడు కట్టుకుంది. గొలుసు మళ్లీ మెడలో పడ్డాక ఆ తాడు తీసి పాదులో వేసింది. ఇక్కడ అందరూ చేసేదే.

రెండో ఏడు ఆమెకు అనుమానం వచ్చింది. కుంకుడురసంతో కడిగినప్పుడల్లా సూత్రాలు పచ్చగా తేలుతున్నాయి, గొలుసు ఎర్రగా, మసకగా ఉంటోంది. నెల రోజులు అదే చెప్పింది. గవర్నమెంటు ముద్ర ఉన్నదానికి నీ కుంకుడుకాయ పరీక్ష ఏమిటని కసిరాను. ఆమె వినలేదు. చివరికి బస్సెక్కి ఇద్దరం షాపుకు వెళ్లాం.

లక్ష్మీకాంత్ తనే గొలుసు తీసుకుని మెషీన్‌లో పెట్టాడు. కొక్కెం దగ్గర బంగారం నూటికి తొంభై ఒకటి పైన చూపించింది. లింకుల దగ్గర డెబ్బై ఐదు. షాపు నిండా జనం. అతను గొంతు పెంచలేదు. చాలా మర్యాదగా మాట్లాడాడు. ఆ మర్యాదను నేను క్షమించను.

"పిన్నిగారూ, ఈ గొలుసు ఎప్పుడైనా మెడలోంచి తీశారాండీ?"

"ఒక్క పూట తీశాను. సూత్రాలు మార్చడానికి ఆచారికి ఇచ్చాను. పసుపుతాడు కట్టుకున్నాను," అంది మాణిక్యం. దాచవలసిన సంగతి అని ఆమెకు తోచనే లేదు.

"అదేనండీ మరి. కొక్కెం మాదే, ముద్ర మాదే. లింకులు మావి కావు."

పక్కన గాజులు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్లు ఆమె వైపు తిరిగి చూశారు. సురేష్ తల వంచుకుని నవ్వుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇద్దరం గొలుసు తీసుకుని బయటకు వచ్చాం.

ఇంటికి రాగానే సూత్రాలు గొలుసులోంచి తీసి పసుపుతాడుకు కట్టుకుంది. గొలుసును బిల్లుతో సహా డబ్బాలో పెట్టి బీరువాలో పడేసింది. మళ్లీ వేసుకోలేదు. పేరంటాల్లో ఎవరైనా గొలుసేది అని అడిగితే బరువుగా ఉందని చెప్పేది. పదకొండు నెలలు అలా తిరిగింది. మొగుడు బతికి ఉండగా, బీరువాలో గొలుసు ఉండగా, పసుపుతాడుతోనే పోయింది. డాక్టరు గుండె అన్నాడు.

పెద్దకర్మ అయ్యాక మా అమ్మాయి శ్రీదుర్గ బీరువా సర్దుతూ ఆ డబ్బా తీసింది. అది పటమటలో ఉంటుంది, ఆఫీసులో ఉద్యోగం. బిల్లు మీద నంబరు తన ఫోనులో కొట్టింది. పైనుంచి ఒక్కొక్క వరుసా చదివి తెలుగులో చెప్పింది. షాపు పేరు, ముద్ర వేసిన తేదీ, ఇరవై రెండు క్యారెట్లు. తర్వాత ఆగింది.

"నాన్నా, ఇందులో వస్తువు ఉంగరం అని ఉంది."

మళ్లీ చదవమన్నాను. మళ్లీ ఉంగరమనే చదివింది. అప్పుడు నాకు షాపులో సురేష్ ఫోను పట్టుకున్న తీరు గుర్తొచ్చింది. కింది వరుస మీద బొటనవేలు ఉంది. తీసి ఉన్నా నేను చదవగలిగేవాణ్ణి కాదు.

ఏదో ఉంగరానికి వేయించిన ముద్రను ముక్కగా కోసి, తక్కువ బంగారం గొలుసు కొక్కేనికి అతికారు. అదే నంబరు వాళ్లే బిల్లు మీద అచ్చు వేశారు. అంటే గొలుసు మా చేతికి రాకముందే ఆ ముక్క దాని మీద ఉంది. ఆచారి దగ్గరికి వెళ్లి అడిగాను. ఆ రోజు పని అయ్యేదాకా మాణిక్యం అరుగు దిగలేదట, గొలుసు మీంచి కళ్లు తీయలేదట. కాఫీ ఇస్తే కూడా వద్దందట. ఈ మాట అడగడానికి దూరం పోనక్కర్లేదు, ఆచారి ఇల్లు మా ఇంటికి నాలుగిళ్ల అవతలే. ఆమె బతికి ఉండగా నేను వెళ్లలేదు.

పరీక్ష చేయించి అధికారులకు ఫిర్యాదు పెట్టాను. పది రోజులకు లక్ష్మీకాంత్ ఫోను చేసి రమ్మన్నాడు. ఒక్కణ్ణే వెళ్లాను. చెక్కు రాసి సిద్ధంగా ఉంచాడు. తగ్గిన బంగారానికి రెండింతలు, పరీక్ష ఖర్చు అదనం, రూల్ ప్రకారం ఇస్తున్నామన్నాడు. తప్పు గొలుసులు చేసి ఇచ్చినవాడిదట. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు సంతకం పెట్టమని కాగితం తోశాడు.

"చెక్కు కోసం రాలేదు. ఆ రోజు జనం ఉన్నారు, ఇవాళ కూడా ఉన్నారు. మాణిక్యం అబద్ధం చెప్పలేదని వీళ్లందరికీ వినపడేలా చెప్పు," అన్నాను.

"అది రూల్‌లో లేదండీ."

"చెప్పు."

ఈసారి అతని గొంతులో మర్యాద తగ్గింది.

"గొలుసు మెడలోంచి తీశారా అని అడిగాను. లింకులు మావి కావన్నాను. అంతే. అబద్ధమన్న మాట నా నోట రాలేదు బాబాయిగారూ. 'ఎవరికిచ్చావో నిజం చెప్పు, జనంలో నా పరువు తియ్యకు' అని ఆవిడను అన్నది మీరు. ఆ కుర్చీలోనే కూర్చుని ఉన్నారు. ఆవిడ మీ వంక చూసింది గానీ నా వంక చూడలేదు."

అది నిజం. పైన నేను రాయకుండా దాటేసిన మాట అదే.

అంతమాత్రాన లక్ష్మీకాంత్ మంచివాడైపోడు. అతను దొంగ. సంతకం పెట్టలేదు, చెక్కు ముట్టుకోలేదు. ఫిర్యాదు అలాగే ఉంది, అది ఎంతదాకా పోతే అంతదాకా పోనిస్తాను. షాపు మూసేసినా నాకు జాలి లేదు.

పటమట వెళ్లేసరికి శ్రీదుర్గ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏమన్నాడు నాన్నా? అమ్మ సంగతి ఒప్పుకున్నాడా?"

"మంచినీళ్లియ్యి," అన్నాను.

మూడుసార్లు అడిగింది. చెప్పలేదు. వాళ్లమ్మను ఆ మాట అన్నది ఎవరో దానికి తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది. ఆ తర్వాత అది అడిగినా, అధికారులు అడిగినా, ఊళ్లో ఎవరడిగినా ఇదే నా జవాబు. ఒక్కసారి రాశాను. ఈ సంగతి ఇక నా నోటితో మాట్లాడను.