ఎముకకి ఆనించు
అయినా ఇంకాస్త నూగు కుక్కి ఉంటే దెబ్బ తగ్గేదేమో, ఐడర్ బాతుల నూగు కంటే మెత్తనిది లోకంలో ఏముంది, నిన్నంతా కూర్చుని చిన్న దిండులా కుట్టుకుని చొక్కా లోపల భుజానికి కట్టుకుంది స్వన్‌హిల్ద్, అయినా ఇందాక రాతిమీది ఖాళీ రంగు డబ్బాని గురిచూసి కాల్చేసరికి తుపాకీ గాడిదలా తన్నింది, దవడ అదిరింది, డబ్బా మాత్రం దొరసానిలా కదలకుండా నిలబడి ఉంది, బండమీద కూర్చున్న అక్క గుడ్నీ ఏమే తగిలిందా అంది, చూపు ఆనదు కదా పాపం, వయసంతా ఈ దీవిలో తుపాకీ పట్టిన మనిషికి ఇప్పుడు సముద్రమూ ఆకాశమూ ఒకటే బూడిద ముద్ద, తగల్లేదక్కా, తగలదే, మీట నొక్కకముందే కళ్ళు మూసుకుంటున్నావు, నీకు కనపడదుగా ఎలా తెలుసు, నీ ఊపిరి వినపడుతుందిలే మొద్దుమొహమా.

నవ్వాలనుకుంది, రాలేదు, ఎలా వస్తుంది, మొన్న మింక్ దిగింది దీవిలోకి, ముంగిసంత నల్లటి జంతువు, ఈదుకుంటూ వచ్చి పొదుగుతున్న తల్లుల మెడలు కొరికి పడేస్తోంది, తినడానికి కూడా కాదు, ఇంకొన్ని గూళ్ళు పోయాయంటే మిగిలిన బాతులు లేచిపోతాయి, భయపడి విడిచిన చోటికి ఐడర్ మళ్ళీ రాదంటారు, వాటికి ఇష్టమని తను కట్టిన రంగుగుడ్డలు, గాలిగంటలు ఇంకెవరికోసం, గూళ్ళలో అవి పరిచే నూగు ఏరి అమ్ముకోకపోతే ఈ దీవిలో బతుకు లేదు, అందుకే అక్క చెప్పేసింది, బాతులు పోతే నేనూ పడవెక్కి అవతలి ఒడ్డున ముసలివాళ్ళ ఆశ్రమంలో చేరతానే, గుడ్డిదాన్ని, నీ మెడకి గుదిబండనెందుకు, తను చటుక్కున సరే పో అనేసింది, అమ్మ పోయేటప్పుడూ అంతే, పక్కగదిలో గిన్నెలు తోముతూ ఉండిపోయింది, మొగుడు ఏనార్ ఆఖరిసారి చేపల వేటకి బయల్దేరినప్పుడూ అంతే, రొట్టెపిండి పిసుకుతూ వెనక్కి తిరక్కుండానే వెళ్ళు వెళ్ళు ఆలస్యమవుతోంది అంది, ఎడంగా ఉంటే నొప్పి తక్కువనుకుంది, ఇటు రావే అంటూ అక్క చేత్తో భుజం తడిమింది, ఇదేమిటే ఈ మూట, నూగా, ఓరి దేవుడా, పరుపు కట్టుకుని యుద్ధానికి పోతారటే ఎవరైనా, పీకి పారెయ్, మధ్యలో మెత్తగా జాగా ఇస్తే తుపాకీ ఆ జాగాలో పరిగెత్తుకొచ్చి మరీ గుద్దుతుంది, ఎముకకి ఆనించు, ఇదిగో ఈ భుజం గుంటలో, చెంప తుపాకీ చెక్కకి అంటించు, ఎడమకాలు ముందుకెయ్, ఒళ్ళంతా దానిమీదికి వంచు, అప్పుడు గుద్దదు, తోస్తుంది, తోస్తే నిలబడగలవు, స్వన్‌హిల్ద్ చొక్కాలోంచి ఆ మూట పీకి పక్కన పడేసింది.

అంతలో గూళ్ళవైపు నుంచి ఒకటే అరుపులు, అయ్యో మళ్ళీ వచ్చింది, స్వన్‌హిల్ద్ గబగబా అటు నడిచింది, చొక్కా అంచు పట్టుకుని వెనకే అక్క, అదిగో నీటి అంచున రాళ్ళమీద నల్లగా జారుతోంది, దాని వెనక ఉత్త సముద్రమే, ఇప్పుడు తప్పితే ఇంతే, బాతులు పోతాయి, అక్క పోతుంది, ఈ గాలితో తనొక్కతీ, దెబ్బకి కమిలి నల్లబడిన భుజం వద్దు వద్దంటోంది, అయినా ఎముకకి ఆనించింది, చెంప అంటించింది, దానికి కాస్త ముందుకి గురిపెట్టి దానితోపాటే తిప్పవే, ఆపకు, అంటోంది అక్క, నొక్కింది, తుపాకీ తోసింది, నిజంగా తోసిందంతే, కళ్ళు తెరిచే ఉన్నాయి, మింక్ గాల్లోకి ఎగిరి రాళ్ళమధ్య పడి మళ్ళీ లేవలేదు.

పడిందా, పడిందక్కా, మరి బాతులో, లేచాయి, అన్నీ దూరంగా నీళ్ళమీద వాలాయి, వస్తాయా, ఏమో తెలీదక్కా, సరేలే, రాకపోతే నా మూట సర్దుకోవడమేగా, అని తేలిగ్గా అంది అక్క, అలవాటైన మాట, సరే పో అన్న మాట, స్వన్‌హిల్ద్ నాలుక చివరికొచ్చి ఆగింది, ఏనార్‌ని సముద్రం తీసుకుపోయింది నిజమే, కానీ ఇన్నేళ్ళూ తనని గుద్దుతూ వచ్చింది సముద్రం కాదు, ఆరోజు తన వీపుకీ గుమ్మంలో నిలబడ్డ అతనికీ మధ్య తనే వదిలిన జాగా, ఒక్కసారి వెనక్కి తిరిగి పట్టుకుని ఉంటే అతను ఆగేవాడు కాదేమో, పోయేవాడే, తను మాత్రం నిలబడగలిగేది, తుపాకీ నేలమీద పెట్టి అక్క చల్లటి చేతిని రెండు చేతులతో పట్టుకుంది, బాతులు వచ్చినా రాకపోయినా నువ్వు పోవద్దక్కా, అంది, తన జీవితంలో ఎవరితోనూ అనని మాట, ఇంత చిన్న మాట.